వాన పడక ముందు ఏం దించుకోవాలి, ఏం ఆపాలి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇల్లు కట్టేవాళ్లలో చాలామంది మే నెలలో ఒకే పని చేస్తారు. డీలర్ రేటు తగ్గించాడని సిమెంటు మొత్తం ఒకేసారి దించేసుకుంటారు. ఇసుకకేం, ఏరు పక్కనే ఉంది కదా అని వదిలేస్తారు. నిజానికి ఇది తారుమారు కావాలి. సిమెంటు వానల్లోనూ దొరుకుతుంది గానీ నిల్వ పెడితే పాడవుతుంది. ఇసుక పాడవదు గానీ రావడమే ఆగిపోతుంది. జూన్ రెండో వారం దాటితే వానలే కాబట్టి ఏది ముందు దించాలో ఈ లెక్కనే తేల్చుకోండి.

వానాకాలంలో నదుల్లో ఇసుక తవ్వకూడదని కేంద్ర పర్యావరణ శాఖ 2016, 2020 మార్గదర్శకాల్లో ఉంది. వంశధారైనా నాగావళైనా అంతే. ఆ నాలుగు నెలలు దొరికేది ముందే గుట్టలు పోసి ఉంచిన ఇసుకే, రేటు గుట్ట ఉన్నవాడు చెప్పిందే. ఒడిశాలో ఇసుకకైనా పిక్క(కంకర)కైనా బండితో వై ఫారం, అంటే రవాణా పర్మిట్, రావాలి. అందులో బండి నంబరు, పరిమాణం, టైము మూడూ సరిగా ఉన్నాయో లేదో టిప్పర్ సరుకు దించక ముందే చూడండి. ఇంకో ఆశ కూడా చాలామందికి ఉంటుంది. ఆంధ్రలో 2024 జూలై నుంచి ఇసుక ఉచితం కదా, పాతపట్నంలో చుట్టాల పేరు మీద రాయించి ఇటు తోలిద్దాం అని. ఆ ఇసుక రాష్ట్రం దాటకూడదు. బండి పట్టుబడితే చుట్టాలకూ టెన్షనే.

ఎంత దించుకోవాలి? వెయ్యి చదరపు అడుగుల స్లాబ్, ఐదంగుళాల మందం, సిమెంటు, ఇసుక, పిక్క 1:1.5:3 పాళ్లు అనుకోండి. బీములు కాకుండా 95 బస్తాల సిమెంటు, 175 ఘనపుటడుగుల ఇసుక, 350 ఘనపుటడుగుల 20 ఎంఎం పిక్క పడుతుంది. అయితే ఆ 175 ఎండు ఇసుక లెక్క. ఇసుక కొద్దిగా తడిస్తే ఉబ్బుతుంది. ఐదారు శాతం తేమకే పరిమాణం 20 నుంచి 30 శాతం పెరుగుతుంది, సన్న ఇసుకైతే ఇంకా ఎక్కువ. తడి ఇసుకను బరువుతో కాక యూనిట్ (ఘనపరిమాణం) లెక్కన కొన్నవాడు గాలికి కూడా డబ్బు కడుతున్నట్టే. దీన్ని పట్టుకోవడం తేలిక. నిలువు గోడల డబ్బాలో ఇసుక నింపి చదును చేసి ఎత్తు కొలవండి. దాన్ని బయటికి తీసి, డబ్బాలో సగం దాకా నీళ్లు పోసి, ఇసుక మళ్లీ వేసి బాగా కలపండి. ముందు 20 సెంటీమీటర్లు ఉన్నది 16కి దిగిందంటే, ఐదు యూనిట్లకు డబ్బు కట్టి నాలుగు తెచ్చుకున్నట్టు. బేరం ఆ లెక్క మీదే ఆడాలి.

మట్టి కూడా చూడండి. సీసాలో సగం ఇసుక, పైన ఉప్పునీళ్లు పోసి కుదిపి మూడు గంటలు వదిలేయండి. ఇసుక పైన పేరుకునే మట్టి పొర ఇసుక ఎత్తులో 8 శాతం మించితే ఆ లోడు వద్దు. ఏటి ఇసుక దొరక్కపోతే ఎం శాండ్ (రాయి నలగ్గొట్టి చేసే ఇసుక) మంచిదే, కాకపోతే క్రషర్ డస్ట్‌ను (క్రషర్‌లో మిగిలే రాతి పొడిని) ఆ పేరుతో అంటగట్టేవాళ్లున్నారు.

ఇటుకలూ ముందే దించుకోవాలి. వాన మొదలైతే బట్టీలు ఆగిపోతాయి. పిక్క సంగతికొస్తే, ఆర్.ఉదయగిరి, మోహన లాంటి ఘాటీ ఊళ్లలో అసలు సమస్య క్రషర్ దగ్గర కాదు, ఆఖరి కిలోమీటరు మట్టిరోడ్డు దగ్గర. అక్కడ పెద్ద టిప్పర్ దిగబడితే వెనక్కి లాగడానికే ఒక రోజు పోతుంది. ఆ సరుకంతా నేల గట్టిగా ఉండగానే చేరాలి.

సిమెంటు మాత్రం స్లాబ్‌కి వారం ముందు తెప్పించుకుంటే చాలు. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి, చదివి తీసుకోండి. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్ష చేయించకుండా స్లాబ్‌కి వాడొద్దు. నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు అడుగుకు మించి ఎడంగా, పది బస్తాల ఎత్తు మించకుండా పేర్చాలి. ముందొచ్చిన బస్తాలు ముందే తీయాలి. కలాసీలు దగ్గరున్నవే లాగుతారు, వాళ్లను తప్పుపట్టలేం, పేర్చేటప్పుడే దారి వదలాలి.

స్టీలును కాటా వేయించండి, 12 ఎంఎం కమ్మీ మీటరుకు సుమారు 0.89 కిలోలు. పలచటి తుప్పుకు భయపడక్కర్లేదు, పొరలుగా రాలితేనే తిప్పి పంపాలి.

ఆంధ్ర నుంచి తెప్పించే సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తప్పదు. దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. ఘాట్ రోడ్డు మూసుకుపోయి లారీ ఆగిందంటే గడువు దాటిపోతుంది. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల వరకు పొడిగించుకోవచ్చు. ఈ మాట డ్రైవర్‌కు, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకు బయల్దేరేటప్పుడే చెప్పాలి. 2017 జూలై వరదకు రాయగడ వైపు తేరుబలి, సింగాపురం రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది. రోడ్డు సంగతి వేరే చెప్పాలా!

మనుషులు కూడా సరుకుతో సమానంగా ముందే చూసుకోవాల్సినవాళ్లే. జూన్ మధ్యలో రజ పండగకు పని ఆగుతుంది. జూలైలో వరి ఉభాలు (నాట్లు) మొదలైతే కూలీలు పొలాలకు పోతారు. సెంట్రింగ్ వేసి మనుషుల కోసం ఎదురుచూడటం కంటే తేదీ వాయిదా వేయడం నయం. వానల్లోనే స్లాబ్ పడితే నీళ్ల దగ్గర మేస్త్రికి గట్టిగా చెప్పండి. ఎం20 పాళ్లకు, అంటే పైన చెప్పిన 1:1.5:3కి, బస్తాకు 30 లీటర్లే పరిమితి. తడి ఇసుక తనతోనే నాలుగు లీటర్ల దాకా తెస్తుంది, అది తగ్గించే పోయాలి.

సెప్టెంబరుతో గండం గడిచినట్టు కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచింది. అక్టోబరు స్లాబ్‌లకు వాతావరణ శాఖ బులెటిన్ చూశాకే సిమెంటు ఆర్డరు పెట్టండి. తుఫాను హెచ్చరిక వస్తే సెంట్రింగ్ రేకులు కిందికి దించి కట్టేయాలి, ఇసుక గుట్ట చుట్టూ రెండు వరుసల ఇటుకలు పేర్చి టార్పాలిన్ కప్పి బరువులు పెట్టాలి.