మర్మర్ వినిపిస్తే ముందు టైమింగ్ తేల్చుకోండి

మర్మర్ (గుండె చప్పుళ్లతో పాటు వినిపించే అదనపు శబ్దం) వినపడగానే ఏ వాల్వో (గుండె కవాటమో) అని పేరు వెతుక్కోకండి. అది గుండె ముడుచుకునేటప్పుడు వస్తోందా, వదులయ్యేటప్పుడు వస్తోందా అన్నది ముందు తేలాలి, స్టూడెంట్స్ ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒక చేత్తో స్టెతస్కోప్ పట్టుకుని, రెండో చేతి వేళ్లు మెడలో కెరోటిడ్ ధమని మీద ఆనించండి (ఒకవైపే, మెల్లగా). మణికట్టు దగ్గర పల్స్ కాస్త ఆలస్యంగా తగులుతుంది కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. పల్స్ తగిలే సమయానికి వినిపించే గుండె చప్పుడు 'లబ్', దాని తర్వాతది 'డబ్'. లబ్‌కీ డబ్‌కీ మధ్య మర్మర్ ఉంటే సిస్టొలిక్ (గుండె ముడుచుకునేటప్పటిది), డబ్ తర్వాత ఉంటే డయాస్టొలిక్ (వదులయ్యేటప్పటిది).

సిస్టొలిక్ అయితే ఎటు పాకుతోందో చూడండి. రొమ్ము ఎముకకు కుడిపక్కన, రెండో పక్కటెముక కింద గరగరమంటూ పెరిగి తగ్గుతూ మెడలోకి పాకితే అయోర్టిక్ స్టెనోసిస్ (అయోర్టిక్ వాల్వ్ ఇరుకవడం) అనుమానించాలి. ఏపెక్స్ (గుండె కింది కొన) దగ్గర లబ్ నుంచి డబ్ దాకా ఒకే తీరుగా ఊదుతున్నట్టుండి చంకలోకి వెళ్తే మైట్రల్ రిగర్జిటేషన్ (మైట్రల్ వాల్వ్ సరిగా మూసుకోక రక్తం వెనక్కి రావడం) కావచ్చు.

డయాస్టొలిక్ మర్మర్లు మాత్రం వెతికితేనే దొరుకుతాయి. మైట్రల్ స్టెనోసిస్ కోసం పేషెంట్‌ని ఎడమవైపు తిరిగి పడుకోమని, ఏపెక్స్ మీద బెల్ (స్టెతస్కోప్‌లో గిన్నెలా ఉండే వైపు) తేలిగ్గా ఆనించండి. గట్టిగా నొక్కితే చర్మం బిగుసుకుని బెల్ కాస్తా డయాఫ్రంలా (స్టెతస్కోప్ చదునైన వైపులా) పనిచేస్తుంది, ఆ బొంగురు గుడగుడ వినపడకుండా పోతుంది. అయోర్టిక్ రిగర్జిటేషన్‌కి ఇందుకు పూర్తిగా రివర్స్: కూర్చోబెట్టి, ముందుకు వంగమని, ఊపిరంతా వదిలి ఆపమని, రొమ్ము ఎముకకు ఎడమపక్కన మూడో పక్కటెముక కింది ఖాళీలో డయాఫ్రం గట్టిగా నొక్కి వినాలి. డబ్ వెంటనే మొదలై సన్నగా తగ్గిపోయే శబ్దం అది. మీరూ ఊపిరి బిగపట్టండి, పేషెంట్‌కి ఎప్పుడు ఇబ్బందవుతుందో తెలుస్తుంది.

మర్మర్‌కి 1 నుంచి 6 దాకా గ్రేడ్ ఇస్తాం, 4 నుంచి చేతికి అదురు కూడా తగులుతుంది. కానీ శబ్దం చిన్నదైతే జబ్బూ చిన్నదే అనుకోవడం చాలా ప్రమాదం. అయోర్టిక్ స్టెనోసిస్ ముదిరి గుండె బలహీనపడితే రక్తప్రవాహం తగ్గి మర్మర్ కూడా మెత్తబడుతుంది, అప్పుడు డబ్ ఎంత సన్నగిల్లిందో గమనించాలి.

పిల్లల్లో, జ్వరంలో, రక్తహీనతలో, గర్భిణుల్లో వాల్వ్ బాగానే ఉన్నా మెత్తటి సిస్టొలిక్ మర్మర్ రావచ్చు. డయాస్టొలిక్ వినిపిస్తే మాత్రం ఎకో (గుండె స్కాన్) చేయించాల్సిందే. నడిస్తే ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే మర్మర్ ఎంత చిన్నదైనా ఎకోకి పంపండి.