ఇంగ్లండ్ పల్లెలో పాత కాటేజీ కొనాలంటే: హైదరాబాద్ కుటుంబాలు ముందుగా చూసుకోవలసినవి

ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకో కూతురో హైదరాబాద్‌లోని తల్లిదండ్రులకు వాట్సాప్‌లో ఒక ఇంటి ప్రకటన పంపటం ఈ మధ్య మామూలైంది. తెల్లటి గోడలు, పైకప్పు కింద నల్లబారిన ఓక్ దూలాలు, మనిషి లోపల నిలబడగలిగేంత వెడల్పైన పాత పొయ్యిగూడు, ఆ పక్కనే నిన్న మొన్న బిగించినట్టున్న వంటగది, కింద ‘ఆధునికీకరించిన పీరియడ్ కాటేజీ’ అన్న మాట. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన ఇళ్ళను, అంటే జార్జియన్, విక్టోరియన్, ఎడ్వర్డియన్ కాలాలవాటినీ అంతకంటే పాతవాటినీ, సాధారణంగా ఈ పేరుతో అమ్ముతారు. అది చూడగానే ఇక్కడి పెద్దవాళ్ళు ‘రెండు వందల ఏళ్ళ ఇల్లు కొనటమేమిట్రా’ అని అడుగుతారు. నా అభిప్రాయంలో భయపడవలసింది ఇంటి వయసుకు కాదు. అన్నేళ్ళు నిలిచిన గోడ ఇకపైనా నిలబడే అవకాశమే ఎక్కువ. దాని మీద పదేళ్ళ కిందట ఎవరు ఏ పని చేశారు, దేనితో చేశారు, అనుమతి తీసుకున్నారా, ఆ కాగితం ఇప్పుడు ఎవరి దగ్గరుంది అన్నవే అసలు ప్రశ్నలు.

అనుమతులు

ఇల్లు చూడటానికి వెళ్ళకముందే చేయగలిగిన పని ఒకటుంది. హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ నిర్వహించే జాతీయ వారసత్వ జాబితాను ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు. ఆ ఇల్లు అందులో ఉంటే అది లిస్టెడ్ భవనం, అంటే చట్టం రక్షించే పాత కట్టడం. గ్రేడ్ వన్, గ్రేడ్ టూ స్టార్, గ్రేడ్ టూ అని మూడు తరగతులుండగా, పల్లెటూరి కాటేజీలు చాలావరకు చివరి తరగతిలోనే కనిపిస్తాయి. గ్రేడ్ తక్కువ గనుక లోపలి భాగం మన ఇష్టమని అనుకోరాదు. ఏ గ్రేడుకైనా రక్షణ ఇంటి వెలుపలికీ లోపలికీ వర్తిస్తుంది. 1948 జులై 1కి ముందు నుంచి ఆవరణలో ఉన్న కొట్టానికీ ప్రహరీకీ కూడా వర్తిస్తుంది. ఇంటి స్వరూపాన్ని మార్చే పనికి స్థానిక కౌన్సిల్ నుంచి లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ పొందాలి, పొందకుండా చేయటం 1990 నాటి చట్టం ప్రకారం నేరం. అంతకంటే ముఖ్యంగా, పాత యజమాని అనుమతి లేకుండా గోడ తీసేసినా, దాన్ని యథాస్థితికి తెమ్మనే నోటీసు ఇప్పటి యజమానికే వస్తుంది, ఎన్నేళ్ళ తరువాతైనా రావచ్చు. ప్లాన్‌లో లేని అంతస్తు వేసుకుని క్రమబద్ధీకరణ పథకం కోసం ఎదురుచూసే మన నగరపు ధీమా అక్కడ పనికిరాదు.

కాబట్టి ప్రకటనలో గొప్పగా చెప్పిన ప్రతి మార్పుకూ ఒక కాగితం అడగాలి. వంటగదినీ భోజనాల గదినీ కలిపేశారంటే కన్సెంట్‌తోపాటు పని నిర్మాణ నిబంధనల ప్రకారం జరిగిందని చెప్పే బిల్డింగ్ రెగ్యులేషన్స్ కంప్లీషన్ సర్టిఫికెట్ కూడా ఉండాలి, ఎందుకంటే తీసేసిన గోడ పై అంతస్తును మోసేదై ఉండవచ్చు. 2002 ఏప్రిల్ తరువాత మార్చిన కిటికీలకు ఫెన్సా (కిటికీలు బిగించేవారికి గుర్తింపునిచ్చే పథకం) పత్రమో కౌన్సిల్ పత్రమో ఉంటుంది. 2005 జనవరి నుంచి పెద్ద ఎలక్ట్రికల్ పనులకూ అలాంటి నిబంధన ఉంది. కాగితం లేనప్పుడు అమ్మేవారి తరఫువారు ఇండెమ్నిటీ పాలసీ అనే బీమా తీసి ఇస్తామంటారు. కౌన్సిల్ చర్య తీసుకుంటే అయ్యే నష్టానికి మాత్రమే ఆ పాలసీ పనికొస్తుంది, దూలం కింద సరైన ఆధారం ఉందో లేదో అది చెప్పదు. చిన్న విషయానికైతే సరేననవచ్చు గానీ, గోడ తీసిన చోట పాలసీతో సరిపెట్టుకోవటం నాకు సమ్మతం కాదు.

ఊరు కన్జర్వేషన్ ఏరియాలో, అంటే పాత స్వరూపాన్ని కాపాడటానికి కౌన్సిల్ గుర్తించిన ప్రాంతంలో ఉంటే తోటలో ఎదిగిన చెట్టు కొట్టాలన్నా ఆరు వారాల ముందు కౌన్సిల్‌కు తెలియజేయాలి. వాస్తు పట్టింపు ఉన్నవారు ఇక్కడే ఒక నిర్ణయానికి రావటం మంచిది: లిస్టెడ్ ఇంట్లో సింహద్వారం జరపటం, దక్షిణం వైపు కిటికీ మూసేయటం కొన్నాక తీరే కోరికలు కావు.

గోడలో తడి

ఇంగ్లండ్‌లో రెండు వరసల ఇటుకల మధ్య ఖాళీ వదిలే గోడలు ప్రధానంగా 1920ల తరువాతే వ్యాపించాయి. అంతకుముందు కాటేజీలు రాయితోనో ఇటుకతోనో సున్నం పెట్టి కట్టిన ఏకగోడలవి. వానతడి కొంత గోడలోకి ఇంకినా, సున్నం గుండా మళ్ళీ బయటికి ఆరిపోతుంది. ఎవరో వచ్చి పైన సిమెంటు పూసి, లోపల ప్లాస్టిక్ రంగు వేస్తే ఆ తడికి పోయే దారి మూసుకుపోతుంది. ఈ సంగతి మనవాళ్ళకు కొత్త కాదు. 1591 నాటి చార్మినార్ నిలిచింది రాయి, డంగు సున్నం మీదనే. అదే పాతబస్తీలో సున్నపు గోడలకు సిమెంటు ప్లాస్టరు కొట్టిన ఇళ్ళలో నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా ఉప్పు తేలి పెచ్చులూడుతూ ఉండటం చాలామంది చూసే ఉంటారు.

అందుచేత ఇంటిని వాన కురిసిన మర్నాడు చూడటం మంచిది. ఏజెంటు హాలు మధ్యలో నిలబడి దూలాల అందం గురించి చెబుతుండగా, సోఫా వెనక గోడ మొదట్లో అరచేయి ఆనించి చల్లదనం పోల్చి చూడాలి. గోడ అడుగున ఉండే స్కర్టింగ్ చెక్కను గోటితో నొక్కితే మెత్తగా దిగిపోతే లోపల పుచ్చినట్టే. ఇల్లంతా పాత రంగుతో ఉండి ఒక్క గోడ మాత్రమే కొత్త రంగు వాసన వేస్తుంటే కారణం అడగాలి. బయటికి వచ్చి నేలమట్టం చూడాలి: పూలమడి మట్టి గోడకు ఆనుకుని లోపలి గచ్చు కంటే ఎత్తుగా ఉంటే, ఎన్ని మందులు కొట్టినా తడి ఆగదు. గోడ అడుగున వరసగా చిన్న రంధ్రాలు వేసి పూడ్చిన గుర్తులుంటే రసాయనం ఎక్కించారని అర్థం. గ్యారంటీ పత్రం చూపించినా, తడికి అసలు కారణం వెతకకుండానే ఆ పని చేసి ఉండవచ్చు. చివరగా అటక తలుపు తీయించి టార్చి వేయాలి. పెంకుల అడుగున పసుపు రంగు నురగ గట్టిపడి కనిపిస్తే అది స్ప్రే ఫోమ్. అది ఉన్న ఇళ్ళకు రుణం ఇవ్వటానికి చాలా బ్యాంకులు వెనకాడుతున్నాయి.

ఇవన్నీ మన తృప్తికి చూసుకునేవి. అసలు పరీక్షకు రిక్స్ (బ్రిటన్ సర్వేయర్ల వృత్తి సంస్థ) గుర్తింపు ఉన్న సర్వేయర్‌తో మూడో స్థాయి సర్వే, అంటే అన్నిటికంటే వివరమైనది, చేయించాలి, పాత కట్టడాల మీద అనుభవమున్న మనిషిని ఎంచుకోవాలి. బ్యాంకు చేయించే వాల్యుయేషన్ బ్యాంకు కోసమే, అది సర్వే కాదు.

ఇంటికి వచ్చే సదుపాయాల గురించి రెండు మాటలు. చాలా పల్లెలకు గ్యాస్ పైపులైను ఉండదు, తోటలో ఆయిల్ ట్యాంకో ఎల్‌పీజీ ట్యాంకో ఉంటుంది. మురుగునీరు సెప్టిక్ ట్యాంకులోకి పోతుంటే, అక్కడి నుంచి నేరుగా వాగులోకి వదలటం 2020 జనవరి నుంచి చెల్లదు, అమ్మేవారితోనే సరిచేయించుకోవాలి. కప్పు గడ్డిదైతే శిఖరపు భాగాన్ని సుమారు పది పదిహేనేళ్ళకోసారి మళ్ళీ కుట్టించాలి. మన వంటకు సంబంధించిన చిక్కు కూడా ఒకటుంది: పైకప్పు తలకు తగిలేంత కిందికి ఉన్న ఆ వంటగదిలో పోపు వేసినప్పుడు పొగ పోవాలంటే చిమ్నీ గొట్టం బయటికి తీయాలి, లిస్టెడ్ ఇంటి గోడకు రంధ్రం వేయటానికీ కన్సెంట్ అడగవలసి వస్తుంది. ముందే బయటికి గొట్టం ఉందేమో చూసుకోవాలి. పొగను వడకట్టి తిరిగి గదిలోకే వదిలే రకం మన వంటకు చాలదు.

ఎవరి పేరున కొనాలి

హైదరాబాద్ కుటుంబాలకు ఎక్కువ డబ్బు నష్టమయ్యేది ఇక్కడ. డబ్బు పెద్దలు సర్దుతున్నారు గనుక నాన్నగారి పేరు కూడా పత్రంలో ఉంటే బాగుంటుందని, అది మర్యాద కూడానని అనుకుంటారు. ఇల్లు కొన్నప్పుడు కట్టే అక్కడి స్టాంప్ డ్యూటీ ల్యాండ్ ట్యాక్స్ ఆ మర్యాదకు భారీగా వసూలు చేస్తుంది.

2025 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న రేట్ల ప్రకారం 4,00,000 పౌండ్ల కాటేజీకి మొదటిసారి ఇల్లు కొనేవారు 5,000 పౌండ్లు కడతారు. ఆ రాయితీ లేనివారికి 10,000 అవుతుంది. కొనేవారిలో ఒక్కరికైనా మరో ఇల్లు ఉంటే మొత్తం ధర మీద 5 శాతం అదనంగా పడి 30,000 అవుతుంది. కొనేవారిలో ఒకరు కొనుగోలుకు ముందరి ఏడాదిలో కనీసం 183 రోజులు బ్రిటన్‌లో లేనివారైతే మరో 2 శాతం చేరి 38,000 అవుతుంది. ‘మరో ఇల్లు’ ప్రపంచంలో ఎక్కడున్నా లెక్కే, దాని విలువ 40,000 పౌండ్లకు తగ్గనంతవరకు. కూకట్‌పల్లిలో సొంత ఫ్లాటులో ఉంటున్న తండ్రి పేరు చేర్చటంతోనే అయిదు వేలు కట్టవలసిన చోట ముప్పై ఎనిమిది వేలు కట్టవలసి వస్తుంది. దానికి తోడు, ఆ ఆస్తిని ఆయన ఏటా ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తిగా చూపించాలి. చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా పడవచ్చు.

దీనికి మరో వైపు కూడా ఉంది. కొడుకు ఇంగ్లండ్ వెళ్ళిన ఏడాదే అతని పేరున మియాపూర్‌లో ఫ్లాటు కొనిపెట్టిన తల్లిదండ్రులున్నారు. ఆ ఫ్లాటుతో అతడు మొదటిసారి కొనేవాడు కాకుండా పోయాడు, పైగా అదనపు 5 శాతం కూడా మీద పడుతుంది. భార్యాభర్తలిద్దరినీ కలిపి చూస్తారు గనుక ఫ్లాటు కోడలి పేరున ఉన్నా ఈ రెండో భారం తప్పదు. ఖాళీ ప్లాటు, వ్యవసాయ భూమి మాత్రం ఈ లెక్కలోకి రావు.

అందువల్ల పెద్దలు డబ్బును బహుమతిగా ఇచ్చి, పత్రంలో పేరు లేకుండా ఉండటమే మేలు. ఇక్కడి నుంచి రిజర్వ్ బ్యాంకు వారి లిబరలైజ్డ్ రెమిటెన్స్ పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. బహుమతిగా పంపేటప్పుడు పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) వసూలు చేస్తుంది. అది తరువాత ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది గానీ, అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదని లెక్క వేసుకోవాలి. పిల్లలకు రుణమిచ్చే బ్యాంకు తల్లిదండ్రుల నుంచి ఒక లేఖ అడుగుతుంది: ఇది బహుమతి, తిరిగి ఇవ్వనక్కరలేదు, ఇంటిలో మాకు వాటా లేదు అని. ఆ మాట కాగితం మీద రాయటానికి ఇంట్లో ఎవరికైనా మనస్కరించకపోతే ఆ చర్చ ఇల్లు వెతకకముందే జరగటం అందరికీ మంచిది.

అక్కడ కొనుగోలు కాగితాలు చూసే న్యాయవాది, అంటే సొలిసిటర్, అంతటితో ఊరుకోడు. ఆ డబ్బు తల్లిదండ్రులకు ఎలా వచ్చిందో బ్యాంకు స్టేట్‌మెంట్లు, సేల్ డీడ్‌లతో సహా అడుగుతాడు. ప్లాటు అమ్మి సగం చెక్కుగా, సగం నగదుగా తీసుకున్నవారికి ఇక్కడ దారి మూసుకుపోతుంది, రిజిస్టరైన విలువ వరకే చూపించగలరు గనుక. ఈ పని కోసం ప్లాటు అమ్మదలచినవారు మొత్తం ధరను బ్యాంకు ద్వారానే తీసుకోవాలి.

ఆఫరు నుంచి తాళాల దాకా

ఈసీ, లింకు డాక్యుమెంట్లు వెతికే మన అలవాటుకు అక్కడ సమానమైనది ల్యాండ్ రిజిస్ట్రీ టైటిల్ రిజిస్టర్; చిన్న రుసుముతో ఎవరైనా ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. తనఖా ఉందా, పక్కింటివారికి మన తోటగుండా నడిచే హక్కుందా అన్నది అందులో తెలుస్తుంది. దేశమంతటా అమ్మకంతో రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది 1990 డిసెంబరులోనే గనుక, తరాలుగా చేతులు మారని కాటేజీ ఇంకా రిజిస్టర్ కాకుండా పాత దస్తావేజుల మీదే ఉండవచ్చు. అప్పుడు సొలిసిటర్ పని పెరుగుతుంది, కంగారుపడనక్కరలేదు. వరుస కాటేజీ అయితే ఒక గది పక్కింటి నడవ మీదికి వచ్చిందా అని కూడా ప్లానులో చూడాలి. అలాంటివాటికి రుణం దొరకటం కష్టమవుతుంది.

బేరం కుదిరి బయానా ఇస్తే మాట ఖాయమైందనుకునే పద్ధతి ఇంగ్లండ్‌లో లేదు. ఆఫరు ఒప్పుకున్నాక కూడా, కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా, అంటే ఇరుపక్షాలూ సంతకం చేసిన ప్రతులు మార్చుకునేదాకా, ఏ పక్షమైనా తప్పుకోవచ్చు. వేరెవరో ఎక్కువ ఇస్తామంటే అమ్మేవారు అటు మొగ్గినా చట్టం అడ్డుకోదు. అందుకే ఇల్లును మార్కెట్ నుంచి తీసేయాలని ఆఫరులోనే కోరాలి, సర్వే వెంటనే చేయించాలి, సర్వేలో లోపం బయటపడితే ధర తగ్గించమని అడగటానికి మొహమాటపడకూడదు. ఎక్స్ఛేంజ్ నాడు సాధారణంగా ధరలో పది శాతం కడతారు, తరువాత వెనక్కి తగ్గితే అది పోయినట్టే. తాళాలు చేతికొచ్చే కంప్లీషన్ నుంచి 14 రోజుల్లో స్టాంప్ డ్యూటీ రిటర్ను వేసి పన్ను కట్టాలి.

ఇంటి బీమా మాత్రం తాళాల నాటికి కాదు, ఎక్స్ఛేంజ్ నాటికే మొదలుకావాలి, ఎందుకంటే వాడుకలో ఉన్న కాంట్రాక్టు షరతుల ప్రకారం ఆ రోజు నుంచే ఇంటి నష్టభయం కొనేవారిది. గడ్డికప్పు, కట్టెల పొయ్యి రెండూ ఉన్న లిస్టెడ్ కాటేజీకి ప్రతి కంపెనీ బీమా ఇవ్వదు, ఇచ్చేవారు పొగగొట్టం ఏటా శుభ్రం చేయించిన రసీదు అడుగుతారు. ఆ కొటేషన్ రాతపూర్వకంగా వచ్చాకే ఎక్స్ఛేంజ్ తేదీ ఇమ్మని సొలిసిటర్‌కు చెప్పాలి.