నత్తల మందు పోసే ముందు ఇవి చూసుకోండి

ఎండలు ముదిరేసరికి అక్వేరియం ఉన్న ఇళ్లలో ఒకటే గోల, "గాజు నిండా నత్తలే, ఏ మందు వేయాలి?" అని. నీళ్లు వెచ్చబడితే గుడ్లు త్వరగా పొదుగుతాయి, పిల్ల నత్తలు త్వరగా ఎదుగుతాయి, దానికి తోడు సెలవుల్లో ఇంట్లో పిల్లలు ఎవరికి వాళ్లు డబ్బా తీసి మేత చల్లేస్తుంటారు. నత్తలకి ఇంకేం కావాలి. అయితే ఏడాది మొత్తంలో మందు వేయడానికి అన్నిటికంటే ప్రమాదమైన రోజులు కూడా సరిగ్గా ఇవే, ఈ సంగతి మందు అమ్మే చోట ఎవరూ చెప్పరు.

ఎందుకు ప్రమాదమంటే, నీటి వేడి పెరిగేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీలకి వచ్చేసరికి ఏడున్నర దాకానే పడుతుంది. అలాంటి నీళ్లలో వందల నత్తలు ఒకే రాత్రి చచ్చి గులకరాళ్ల కింద కుళ్లడం మొదలైతే, ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ ఆ కుళ్లే లాగేస్తుంది, పైగా అమ్మోనియా పెరుగుతుంది. బిందె అడుగున తెల్లగా సున్నం పేరుకునే బోరు నీళ్లు వాడేవాళ్లకి ఇంకో చిక్కుంది. అలాంటి నీళ్లలో పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) సాధారణంగా ఎక్కువే ఉంటుంది, పీహెచ్ ఎక్కువైనా వేడి ఎక్కువైనా అదే అమ్మోనియా చేపలకి మరింత విషమవుతుంది. నేను చూసిన "నత్తల మందు వేస్తే చేపలు పోయాయి" కేసుల్లో చాలావాటికి కారణం మందు ఒక్కటే కాదు, అడుగున ఎవరూ తీయని ఆ చచ్చిన నత్తలు కూడా.

అందుకని ముందు మీ ట్యాంకులో ఉన్నది ఏ నత్తో చూసుకోండి. గోధుమరంగులో పల్చటి గుల్లతో, గాజు మీద చురుగ్గా పాకే చిన్న నత్తని ఒకదాన్ని తీసి, కొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు ఎడమవైపు ఉంటే అది బ్లాడర్ స్నెయిల్, కుడివైపు ఉంటే మామూలు పాండ్ స్నెయిల్. చదునుగా చుట్ట చుట్టుకుని ఎర్రగానో గోధుమరంగులోనో ఉంటే రామ్స్‌హార్న్. పొడుగ్గా, కోసుగా ఉండి, పగలంతా రాళ్లలో దాక్కుని రాత్రి లైటు ఆపాక బయటికొచ్చేది మలేషియన్ ట్రంపెట్. బ్లాడర్, రామ్స్‌హార్న్ రెండూ ఉభయలింగ జీవులు, జోడీ లేకుండా ఒక్కటే గుడ్లు పెట్టగలదు. ట్రంపెట్ అయితే గుడ్లు బయట పెట్టదు, నేరుగా పిల్లల్నే వదులుతుంది, మగదాని అవసరం కూడా లేదు. కాబట్టి ట్రంపెట్ ఉన్న ట్యాంకులో ఆకుల వెనక గుడ్ల కోసం వెతికితే టైమ్ వేస్ట్. మిగతావాటికి మాత్రం ఆకు తిప్పి చూడండి, అడుగువైపు ఉడికిన సగ్గుబియ్యం అంటుకున్నట్టు జిగురు ముద్ద కనిపిస్తుంది, గోటితో గీకితే ఊడొచ్చేస్తుంది.

ఇక అసలు విషయం మేత. ట్యాంకులో ఎన్ని నత్తలున్నాయో చూస్తే ఆ ఇంట్లో మేత ఎంత మిగులుతోందో చెప్పేయొచ్చు. తిండి లేకుండా వందల నత్తలు పెరగవు. మీరు మందు వేసి మొత్తం చంపినా, మేత అలాగే పడుతుంటే, ఎక్కడో రాయి సందులో మిగిలిన ఒక్క నత్త నుంచి మళ్లీ మొదలవుతుంది. రెండు నిమిషాల్లో చేపలు పూర్తిగా తినేసేంతే వేయండి, రోజుకి ఒక్కసారి చాలు. పెద్ద చేపలైతే వారంలో ఒక రోజు పస్తు ఉంచినా వాటికేమీ కాదు, పిల్ల చేపలకి మాత్రం అలా చేయొద్దు. మేత వేసిన అరగంటకి టార్చ్ పట్టుకుని మూలల్లో, ఫిల్టర్ వెనక, రాళ్ల సందుల్లో చూడండి, మెత్తబడిన గుళికలు పడి ఉన్నాయంటే అదంతా నత్తల వాటా. అడుగున తినే చేపల కోసం మునిగే బిళ్లలు వేసేవాళ్లు రాత్రి వేసి అలా వదిలేయకుండా, మిగిలింది తీసేయాలి. వారానికోసారి నీళ్లు మార్చేటప్పుడు రాళ్లలోకి సైఫన్ గొట్టం దించి మురికి లాగండి, గొట్టాన్ని నోటితో మాత్రం పీల్చొద్దు. కుళ్లిన ఆకులు కూడా వాటికి తిండే, తుంచేయండి. ఇంట్లో మేత వేసే బాధ్యత ఒక్కరికే ఇవ్వండి, నా దృష్టిలో మందులన్నిటికంటే ఇదే బాగా పనిచేస్తుంది.

మేత తగ్గించిన రోజు నుంచే ఏరడం మొదలుపెట్టొచ్చు. లైటు ఆపాక కీరా దోసకాయ ముక్కనో, వేడినీళ్లలో ముంచి తీసిన క్యాబేజీ ఆకునో ఒక ఫోర్కుకి గుచ్చి అడుగుకి దించండి. ఆకలిగా ఉన్న నత్తలు రాత్రంతా దాని మీదకి చేరతాయి. తెల్లారి లైటు వేసే లోపే మెల్లిగా పైకి తీస్తే ఆకు రెండు వైపులా నత్తలు పట్టుకుని వస్తాయి, కుదుపితే రాలిపోతాయి కాబట్టి కింద వల పెట్టుకోండి. ముక్కని పగలంతా నీళ్లలో వదిలేస్తే అదే కుళ్లి ఇంకో తిండవుతుంది. ఇలా రోజు విడిచి రోజు చేస్తుంటే సంఖ్య తగ్గుతూ వస్తుంది, ఒక్క రాత్రిలో తేడా కనిపించలేదని విసుక్కుని మందు దగ్గరకి వెళ్లకండి.

ఏరేటప్పుడు ఇంకో విషయం గమనించండి. ట్రంపెట్ నత్తలు పట్టపగలు గుంపుగా రాళ్లలోంచి లేచి నీటి పైఅంచుకి పాకుతున్నాయంటే నీళ్లలో ఏదో తేడా ఉన్నట్టే. ఆక్సిజన్ తగ్గి ఉండొచ్చు, కింద ఏ చేపో చచ్చి కుళ్లుతూ ఉండొచ్చు. అప్పుడు నత్తల్ని వదిలేసి ముందు నీళ్ల సంగతి చూడాలి.

"నత్తల్ని తినే చేపని వేస్తే పోలా?" అని చాలామంది అడుగుతారు. క్లౌన్ లోచ్ అనే చేప షాపులో ఉన్నప్పుడు వేలెడంతే ఉంటుంది, పెరిగితే అడుగు పొడవు దాకా వస్తుంది, గుంపుగా బతికే చేప, రెండడుగుల ట్యాంకులో దాన్ని వేయడం పాపం. యోయో లోచ్ అంత పెద్దది కాకపోయినా దానికీ తోడు కావాలి, చోటు కావాలి. కేరళ నదుల్లో పుట్టిన పీ పఫర్ చిన్నదే, నత్తల్ని ఇష్టంగా తింటుంది, కానీ గప్పీ చేపల తోకలు కొరికేస్తుంది. రకరకాల చేపలున్న మామూలు ట్యాంకుకి వీటన్నిటికంటే అసాసిన్ స్నెయిల్ మేలు, నత్తే అయినా మిగతా నత్తల్ని వేటాడి తింటుంది, ఇందులో ఆడ మగ వేరు కాబట్టి విపరీతంగా పెరిగిపోదు. నత్తలు అయిపోయాక దానికి మాంసాహారపు మేత వేయాలని గుర్తుంచుకోండి.

ఇన్ని చేశాక కూడా మందే వేస్తానంటే, సీసా మీద ఏముందో చదవండి. నత్తల మందుల్లో చాలావాటిలో ఉండేది రాగి. రొయ్యలున్న ట్యాంకులో రాగి పడితే రొయ్యలు ముందు పోతాయి. వైట్ స్పాట్ లాంటి జబ్బులకి వాడే కొన్ని మందుల్లో కూడా రాగి ఉంటుంది, రెండూ కలిస్తే మోతాదు దాటిపోతుంది. కొంత రాగి రాళ్లలో, ఇసుకలో ఉండిపోతుంది కూడా, తర్వాత ఆ ట్యాంకులో రొయ్యలు పెంచాలనుకుంటే అదో టెన్షన్. పురుగుమందుల షాపులో దొరికే మైలుతుత్తం చిటికెడు వేస్తే చాలంటారు కొందరు, దయచేసి ఆ పని చేయొద్దు. అదీ రాగే, చిటికెడు అంటే ఎంతో కొలత లేదు, సున్నం తక్కువున్న నీళ్లలో అది చేపల మీద మరింత తీవ్రంగా పనిచేస్తుంది. కల్లుప్పుతో కూడా ఒరిగేదేమీ లేదు, మొక్కలు ముందు చస్తాయి, ట్రంపెట్ నత్తలైతే ఉప్పదనాన్ని బాగానే తట్టుకుంటాయి.

వేయక తప్పకపోతే, వీలైనన్ని నత్తల్ని ముందు చేత్తో ఏరేయండి, చచ్చేవి ఎంత తక్కువుంటే కుళ్లు అంత తక్కువ. రొయ్యల్ని, ఉంచుకోవాలనుకున్న నత్తల్ని వేరే ట్యాంకులోకి మార్చండి. ఎయిర్ పంప్ ఆగకూడదు, వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి బ్యాటరీ పంపు ఒకటి పక్కన పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు వేయొద్దు, సెలవు రోజు పొద్దున్నే వేసి రోజంతా చూసుకోండి. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే మందు వేసేటప్పుడు తీసి, పని అయ్యాక పెట్టండి. చచ్చినవాటిని ఎప్పటికప్పుడు సైఫన్‌తో తీయండి, అమ్మోనియా టెస్ట్ చేయండి, పెరిగినా చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నా మూడో వంతు నీళ్లు మార్చండి, క్లోరిన్ పోగొట్టిన నీళ్లే పోయాలి.

నత్తలు ఎక్కువగా వచ్చేది కొత్త మొక్కలతోనే. కొన్న మొక్కని పటిక నీళ్లలో, అంటే లీటరుకి ఒక చిన్న చెంచా పొడి కలిపి రెండు మూడు గంటలు నానబెట్టి, బాగా కడిగి పెట్టండి. అనుబియాస్ లాంటి దళసరి ఆకులకైతే వాసన లేని మామూలు బ్లీచ్ ఒక పాలుకి పందొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి ఒకటిన్నర నిమిషం ముంచినా తట్టుకుంటాయి, తర్వాత యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్లలో కడగాలి. నాచు మొక్కలు (మాస్), వాలిస్నేరియా మొక్కలు బ్లీచ్‌కి మాడిపోతాయి. బ్లీచ్‌లో టాయిలెట్ క్లీనర్ గానీ ఇంకే మందు గానీ కలపకండి, విషవాయువు వస్తుంది. ఏ ద్రావణంలో ముంచినా గుడ్లు ఒకటీ అరా తప్పించుకోవచ్చు, కాబట్టి మూడు నాలుగు వారాలు బకెట్లో విడిగా ఉంచి, ఆ తర్వాతే ట్యాంకులో పెట్టండి. డబ్బాల్లో జెల్‌తో వచ్చే టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన) మొక్కలకి ఈ బాధ లేదు.

చెరువు నుంచి మొక్కలు తెచ్చుకోవద్దని గట్టిగా చెబుతాను. మన చెరువుల్లో ఉండే రామ్స్‌హార్న్ జాతి నత్త ఒకటి పశువుల రక్తనాళాల్లో పెరిగే పురుగుకి ఆశ్రయమిస్తుంది, ఆ పురుగు పిల్లలు మనిషి చర్మంలోకి దూరితే దద్దుర్లు, దురద వస్తాయి. జలగలు, తూనీగ పిల్లలు అదనం. ట్యాంకులో చేయి పెట్టాక సబ్బుతో కడుక్కోవడం ఎలాగూ అలవాటు చేసుకోవాలి, చేతికి గాయం ఉంటే గ్లౌజులు వేసుకోండి.

ఏరిన నత్తల్ని చెరువులోనో కాలువలోనో పారబోయకండి, ట్యాంకు నీళ్లు కూడా కాలువలోకి వదలొద్దు. అక్వేరియం కోసం తెచ్చిన సక్కర్ చేప మన చెరువుల్లో, నదుల్లో ఎలా పెరిగిపోయి వలలు చింపుతోందో మత్స్యకారులని అడిగితే చెబుతారు. నత్తల్ని కవర్లో కట్టి ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచి చెత్తలో వేయండి, తీసేసిన మొక్కల్ని మేడ మీద ఎండకి పూర్తిగా ఎండబెట్టాకే పారేయండి, సైఫన్ చేసిన నీళ్లు కుండీలకి పోయండి, మందు వేసిన నీళ్లయితే కుండీలకి కూడా వద్దు.