కార్యాలయ కొనుగోళ్లలో పర్యావరణ దృష్టి: ఇండెంటు దగ్గరే మొదలు

కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పర్యావరణహిత కొనుగోలు సంగతి టెండరు నాటికి గుర్తుకొస్తే ఆలస్యమైనట్టే. ఇండెంటు, అంటే ఫలానా వస్తువు కావాలని కోరే పత్రం, రాసేటప్పుడే, అడిగిన వస్తువు స్టోరులో ఉందేమో, పాతది మరమ్మతుతో పనికొస్తుందేమో స్టాకు రిజిస్టరు తిరగేసి చూడాలి.

కొనక తప్పదనుకుంటే పర్యావరణ షరతును సాంకేతిక వివరాల్లోనే పెట్టాలి. 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారం, నోటిఫై చేసిన విద్యుత్ ఉపకరణాలకు ఇంధన సామర్థ్య బ్యూరో స్టార్ రేటింగు నిర్ణీత స్థాయిలో గానీ అంతకు మించి గానీ ఉండాలి. కాబట్టి ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల వేదిక అయిన జెమ్ పోర్టల్‌లో బిడ్ పెట్టేటప్పుడు "మంచి ఏసీ" అని కాక "1.5 టన్ను, ఇన్వర్టర్, 5 స్టార్" అని స్పష్టంగా రాయండి, ఆ మాట లేకపోతే తక్కువ ధర కోట్ చేసినవారిని తరవాత కాదనడం కష్టం, ఆడిట్ అభ్యంతరం వస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. ఏసీకి ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటు కాలుతుందో లేబుల్ మీదే ముద్రించి ఉంటుంది గనుక, దాన్ని మీ కరెంటు టారిఫ్‌తో గుణించి, ధర పక్కనే నోట్‌ఫైల్లో (ఆమోదం కోసం పైకి పంపే ఫైల్లో) చూపండి. ఆర్థిక విభాగాన్ని ఒప్పించేది ఉపన్యాసం కాదు, ఆ ఒక్క పంక్తే.

ఇక వాడకంలో పొదుపుకు, ప్రింటర్లలో రెండువైపుల ముద్రణను డిఫాల్టుగా పెట్టించి, ఏసీలను 24 డిగ్రీల వద్ద ఉంచితే చాలు. పాత కంప్యూటర్లను మాత్రం తుక్కు వ్యాపారికి వేలం వేయక, 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల కింద నమోదైన రీసైక్లరుకు అప్పగించి, రసీదును ఫైల్లో భద్రపరచండి.