ఇంట్లో పనీనీ, మూడో పాఠం: నీళ్ళ గొడవ

పనీనీ అంటే రొట్టె ముక్కల మధ్య సరుకు పెట్టి, పైన బరువేసి ఇస్త్రీ చేసినట్టు నొక్కి పెనం మీద కాల్చే ఇటలీ శాండ్‌విచ్. ఈ వారం లోపల పెట్టే సరుకు గురించి చెప్తానన్నాను. అందులో కొంతే చెప్తాను, ముందు పోయిన పాఠం పంచాయితీ తేలాలి. చూసి చేసినవాళ్ళలో చాలామందికి పైన మాడింది, లోపల ముద్దయింది. కావలి నుంచి ఒకాయన ఫోన్ చేసి, "మాస్టారూ, అది శాండ్‌విచ్చి కాదు, టీలో ముంచిన రస్కు" అన్నాడు. గూడూరు నుంచి ఒకమ్మాయి ఫోటో పంపింది. చీజ్ ఒక పక్కకి, టమాటా ఇంకో పక్కకి జారిపోయి, నడుమ రొట్టె అప్పడమై ఉంది. ఒంగోల్లో మా మేనత్త నా ఎదురుగానే చేసి, పళ్ళెం నా ముందుకి తోసి, "ఏందబ్బాయా, ఇస్త్రీ చేయమన్నావు సరే, తడి బట్ట ఇచ్చి చేయమంటే ఎట్టా?" అంది.

అత్త మాటే ఈ పాఠం. తడి బట్ట మీద ఇస్త్రీ పెట్టె పెడితే ముందు ఆవిరి లేస్తుంది, ఆ తర్వాతే మడత పడుతుంది. రొట్టె సంగతీ అంతే.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. పైన బరువుకి చీమకుర్తి గ్రానైట్ ముక్క పెట్టమన్నాను. ఇటలీలో రెండు ఇనప పలకల మధ్య నొక్కే యంత్రం ఉంటుంది. ఆ యంత్రం కొనే ఖర్చు మనకెందుకు? ఒంగోలు చుట్టుపక్కల వంటింటి గట్టు వేయించుకున్న ఇళ్ళలో ఎక్కడో ఒక మూల ఆ చీమకుర్తి గెలాక్సీ రాయి ముక్క పడే ఉంటుంది. 20 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 2 మందం ఉన్న ముక్క దాదాపు 1.8 కిలోలు తూగుతుంది, ఆ బరువు చాలు. దాన్ని అల్యూమినియం కాగితంలో చుట్టి పెట్టమన్నానే గానీ, రాయి చల్లగా ఉంటుందని చెప్పలేదు. రొట్టెలోంచి లేచిన ఆవిరి ఆ చల్లటి కాగితానికి తగిలి, నీళ్ళయి మళ్ళీ రొట్టె మీదే కారుతుంది. అన్నం గిన్నె మీద మూత ఎత్తినప్పుడు కారే చుక్కలు చూశారుగా, అవే ఇవి. కాబట్టి ఇకమీద ఇలా చేయండి. పక్క పొయ్యి మీద చిన్న ఇనప పెనం వేడి చేసి, దాని అడుగు శుభ్రంగా తుడిచి శాండ్‌విచ్ మీద పెట్టండి. రాయి దాని మీదకెక్కాలి. వేడి పెనం నొక్కుతుంది, రాయి బరువిస్తుంది. రాయిని మాత్రం నేరుగా మంట మీద కాల్చొద్దు, పగులుతుంది. రాయి దొరకనివాళ్ళకి లీటరు నీళ్ళు పోసిన కుక్కర్ గిన్నె చాలు.

మీ తప్పు టమాటా దగ్గరుంది. అందరూ అక్కడే పడ్డారు. నాకు చిరాకు తెప్పించేదీ అదే, కాబట్టి కాస్త సాగదీసి చెప్తాను, ఓర్చుకోండి.

టమాటాలో నూటికి 94 పాళ్ళు నీళ్ళే. రొట్టె ఎర్రబడాలంటే దాని పైపొర 140 డిగ్రీల దాకా వేడెక్కాలి. కానీ తడి ఉన్నంతసేపు ఆ చోటు 100 దాటదు, వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. అయిదు నిమిషాలైనా రొట్టె తెల్లగానే ఉందని మీరేం చేస్తారు? మంట పెంచుతారు. అప్పుడు పెనానికి ఆనిన చోట తడి ఆరీ ఆరగానే మాడుతుంది. పైకి బొగ్గు, లోపల బురద. మీ ఫోటోలన్నిటిలో కనిపించింది ఇదే. దానికి తోడు బేకరీ మిల్క్ బ్రెడ్‌లో పంచదార ఉంటుంది కాబట్టి ఇంకా తొందరగా నల్లబడుతుంది. మాడటం, ముద్దవడం రెండు తప్పులు అనుకున్నారు గానీ, ఉన్నది ఒకటే.

టమాటాకి చేయాల్సింది చెప్తాను. గట్టిగా, కోడిగుడ్డు ఆకారంలో ఉండే హైబ్రీడ్ కాయ తీసుకోండి. పులుసుకి నాటు కాయే గొప్ప, ఇక్కడ మాత్రం పనికిరాదు. నిలువుగా కోసి గింజలు, గుజ్జు వేలితో గీకేయండి (పారేయకండి, చారుకి వాడుకోండి). మిగిలిన కండని అరంగుళంలో సగం మందాన కోసి, చిటికెడు ఉప్పు జల్లి, జల్లెట్లో ఇరవై నిమిషాలు వదిలేయండి. కింద గిన్నెలో నిన్న నాకు రెండు కాయలకి రెండు చెంచాల నీళ్ళు దిగాయి. లేకపోతే ఆ రెండు చెంచాలూ మీ రొట్టెలోకే వెళ్ళేవి. తర్వాత పాత నూలుగుడ్డ మీద పరిచి అద్దండి. "ఉప్పేసి వెంటనే పెట్టాం సార్" అనేవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు. ఉప్పు నీళ్ళని బయటికి లాగుతుంది. మీరు తొందరపడితే అది రొట్టెలోనే లాగుతుంది.

పేర్చే వరస కూడా ఇందులో భాగమే. రొట్టె, చీజ్, టమాటా, చీజ్, రొట్టె. చీజ్ కొవ్వు గోడలా నిలిచి తడిని రొట్టెకి తగలనివ్వదు. పైన పూయడానికి వెన్న కాదు, నెయ్యి. వెన్నలో నూటికి పదహారు పాళ్ళు నీళ్ళుంటాయి, నెయ్యిలో దాదాపు ఉండవు. ఇటలీవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు, మా ఇంట్లో గేదె నెయ్యే.

చీజ్ గురించి ఒక్క మాట. పిజ్జా చీజ్ పేరుతో అమ్మే మొజరెల్లా తీసుకోండి. విరిగిన పాల గడ్డని వేడినీళ్ళలో సాగదీసి చేస్తారు కాబట్టే అది తీగ సాగుతుంది. క్యూబ్ చీజ్ మెత్తబడుతుందే గానీ సాగదు. నీళ్ళలో తేలుతూ అమ్మే తాజా మొజరెల్లా దొరికినా ఇప్పుడొద్దు, ఎందుకో మళ్ళీ చెప్పించకండి.

రొట్టె ఎలా కోయాలో చెప్పను. బేకరీలో కోయని లోఫ్ అడగండి, నిన్నటిదైతే మరీ మంచిది. ఇటలీలో దీనికి వాడే చబాత్తా రొట్టె 1982లో అద్రియా అనే ఊళ్ళో పుట్టింది, ఆ మాటకి అర్థం చెప్పు. కాలికి వేసుకునే చెప్పే, ఆకారం అలా ఉంటుంది. ఇంకొకటి, అక్కడ ఒక్కటైతే పనీనో, ఒకటి దాటితేనే పనీనీ. "పనీనీలు" అంటే బహువచనానికి బహువచనం. అష్టాధ్యాయి రాసిన పాణిని వింటే ఊరుకోడు.

ఇక సరుకు. కాప్రీ దీవి పేరుతో పిలిచే కలయికలో టమాటా, మొజరెల్లా, బేసిల్ ఆకు ఉంటాయి. బేసిల్ అంటే మన పూజ తులసి కాదు. సబ్జా గింజలు కుండీలో చల్లితే వచ్చే రుద్రజడ దాని దగ్గరి చుట్టం, వాసన కొంచెం సోంపు మీదికి పోతుంది, పర్వాలేదు. ఇటలీలో జెనోవా ఊరివాళ్ళ పెస్తోలో, అంటే బేసిల్ ఆకు నూరిన పచ్చడిలో, పైన్ చెట్టు గింజలు పడతాయి. నేను వేటపాలెం జీడిపప్పుతో నూరేస్తాను.

వంకాయ నా ఇష్టం. చక్రాల్లా కోసి, ఉప్పు రాసి, నీళ్ళు పిండేసి, పెనం మీద రెండు వైపులా మచ్చలు పడేదాకా కాల్చి పెట్టండి. దక్షిణ ఇటలీవాళ్ళకి వంకాయంటే మనకున్నంత పిచ్చి. రొయ్యల వేపుడు పెట్టొచ్చు, బాగా ఎండబెట్టి వేపి ఉంటేనే, చీజ్ తగ్గించి. నెల్లూరు నుంచి ఒకాయన నిన్నటి చేపల పులుసు ముక్క పెట్టి "సూపర్" అని రాశాడు. రెండోరోజు పులుసు రుచి నాకు తెలీక కాదు. దాన్ని అన్నంలో తినండి నాయనా.

కాల్చడం: పెనం మూడు నిమిషాలు మధ్య మంట మీద వేడెక్కాక సిమ్‌లో పెట్టండి. శాండ్‌విచ్, పైన వేడి పెనం, రాయి. అట్లకాడతో నొక్కొద్దు, బరువు దాని పని అది చేసుకుంటుంది. మొదట గట్టిగా చుయ్యిమంటుంది, అది నీటి గొంతు. నాలుగో నిమిషం దగ్గర ఆ చప్పుడు సన్నబడి చిటచిటలాడుతుంది. అప్పుడు తిప్పండి, ఇంకో మూడు నిమిషాలు. దించాక ఒక నిమిషం ఆగి కోయండి, లేకపోతే చీజ్ అంతా కత్తికే.

అభ్యాసం: ఆదివారం ఒకే లోఫ్‌తో నాలుగు చేయండి. మొదటిది వట్టి చీజ్. రెండోది ఉప్పేసి ఆరబెట్టిన టమాటాతో. మూడోది కోసిన వెంటనే పెట్టిన టమాటాతో. నాలుగోది రెండోదే, కానీ చల్లటి రాయితో. ప్రతి దానికీ చప్పుడు సన్నబడిన నిమిషం కాగితం మీద రాయండి. నాలుగూ అడ్డంగా కోసి పక్కపక్కన పెట్టి ఫోటో పంపండి. మూడోది మీరే తినాలి, పిల్లలకి పెట్టొద్దు.