బడి పిల్లలకు అయోడిన్ అందుతోందా? మూత్ర పరీక్షతో తెలుసుకోవడం ఎలా?

మనం తిన్న అయోడిన్‌లో దాదాపు 90 శాతం మూత్రంలోనే బయటికి పోతుంది. అందుకే సూది గుచ్చే పని లేకుండా చిన్న సీసాలో పట్టిన మూత్రంతోనే ఒక ఊరి పిల్లల పరిస్థితి తెలుస్తుంది. ఊరి పరిస్థితి అన్నది గమనించండి. ఒక్క పిల్లవాడి ఫలితం చూసి వాడికి లోపం ఉందనో లేదనో తేల్చకూడదు. పొద్దున తక్కువ చూపించిన పిల్లవాడే సాయంత్రం రెట్టింపు చూపించవచ్చు.

మొదటి పని పిల్లల ఎంపిక. సాధారణంగా 6 నుంచి 12 ఏళ్ళ వారిని తీసుకుంటారు, బడిలో ఒకేచోట దొరుకుతారు కాబట్టి. జిల్లా సర్వే అయితే జనాభాను బట్టి 30 ఊళ్ళను లేదా వార్డులను ఎంచుకుంటారు. తరగతిలో ముందు బెంచీ వాళ్ళను లేపడం కాదు, హాజరు పట్టీలోంచి చీటీలు తీయాలి. తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. సీసా మీద పేరు రాయకుండా నంబరు వేయాలి.

తరువాత సేకరణ. 24 గంటల మూత్రం అక్కర్లేదు, ఏదో ఒక పూట పట్టినది 10 మిల్లీలీటర్లుంటే చాలు. మూత గట్టిగా బిగించి ఐస్ పెట్టెలో ప్రయోగశాలకు పంపాలి.

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. సర్వే బృందం ఇళ్ళలోని ఉప్పును కూడా పరీక్షిస్తుంది. ఆ ఉప్పు పొట్లాలు, ఈ సీసాలు ఒకే బల్ల మీద పెట్టారనుకోండి. గ్రాముకు 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉన్న ఉప్పు 0.2 గ్రాములు, అంటే చిన్న చిటికెడు, 10 మిల్లీలీటర్ల సీసాలో పడితే లీటరుకు 300 మైక్రోగ్రాములు అదనంగా చూపిస్తుంది! గాయాలకు రాసే అయోడిన్ మందు అంటిన చేతులతోనూ ఇదే చిక్కు.

ప్రయోగశాలలో అమ్మోనియం పెర్సల్ఫేట్ కలిపి వేడిచేస్తే అడ్డుపడే పదార్థాలు పోతాయి. ఆపై ఆర్సీనియస్ ఆమ్లం, పసుపుపచ్చని సీరియం ద్రావణం కలుపుతారు. అయోడిన్ ఎంత ఎక్కువుంటే పసుపు అంత త్వరగా వెలిసిపోతుంది. ఆ వేగాన్ని రంగు గాఢతను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలిచి, తెలిసిన ద్రావణాలతో పోల్చి లెక్కకడతారు. ఆర్సెనిక్ విషం కాబట్టి ఇది బడి ల్యాబులో చేసి చూపించే ప్రయోగం కాదు.

ఇక లెక్క. సగటు తీయకండి, మధ్యగతం తీయండి. అర్థం కావడానికి అయిదే ఫలితాలు (లీటరుకు మైక్రోగ్రాముల్లో) తీసుకుందాం: 62, 88, 131, 174, 610. వరుసలో నడిమిది 131. సగటు మాత్రం 213, ఆ ఒక్క 610 లాగేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం మధ్యగతం లీటరుకు 100–199 మైక్రోగ్రాములు సరిపడా, 200–299 అవసరానికి మించి, 300 ఆపైన అధికం, 100 లోపు లోపం. 50 కంటే తక్కువ ఉన్నవారు 20 శాతం దాటకూడదు.

మధ్యగతం 100 లోపు వస్తే మాత్రల కోసం పరుగెత్తకుండా ఆ ఊరి వంటిళ్ళలో ఉప్పు డబ్బాలు తెరిపించండి. వాడుతున్నది అయోడిన్ కలపని రాళ్ళ ఉప్పా, ప్యాకెట్ ఉప్పే అయినా మూత లేని డబ్బాలో పొయ్యి పక్కన ఉంటోందా అని అడగండి.