సొంత పాట – నాలుగో పాఠం: ప్రొడ్యూసర్‌ని వెతుక్కోవడం

పోయిన పాఠంలో చెప్పిన పని అయిందా? గొంతు, ఒక్క వాయిద్యం, చెవిలో దెబ్బ తప్పకుండా కొట్టే మెట్రోనోమ్, అంతే పెట్టుకుని ఫోన్లో డెమో, అంటే పాటకి నమూనా రికార్డింగ్, చేయమన్నాను. నేను నా మొదటి డెమో మా బావగారి రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో చేశాను. చెరువు నీళ్లు చిలికే ఏరేటర్ల చప్పుడు నాకు తెలియనే లేదు. ఏళ్ల తరబడి అలవాటుపడ్డ చెవికి అది నిశ్శబ్దంతో సమానం. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నవాళ్లు మాత్రం ‘వెనకాల వాన పడుతోందా మాస్టారూ?’ అని అడిగారు. మీ డెమోలో కోడిపుంజు కూసినా ఫరవాలేదు. మాటలు తెలియాలి, బాణీ తెలియాలి, మీరు ఏ శృతిలో పాడుతున్నారో కాగితం మీద రాసి ఉండాలి. ఆ మూడూ ఉంటేనే ఈ పాఠంలోకి రండి.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. మన వైపు ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు. నేను ప్రొడ్యూసర్ కోసం తిరుగుతున్నానని తెలిసి మా పెదనాన్న ‘నీ పాటకి డబ్బెట్టే పిచ్చోడు ఎవడ్రా?’ అన్నాడు. మనకి కావాల్సినవాడు వేరు. మీ సాహిత్యాన్నీ బాణీనీ తీసుకుని అవి వినేవాడి చెవిలో ఎలా పడాలో తేల్చేవాడు మ్యూజిక్ ప్రొడ్యూసర్. పాట ఎంత వేగంగా నడవాలి, ఏ వాయిద్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, మీరు పాడిన ఆరు టేకుల్లో ఏది ఉంచాలి, ఇవన్నీ ఆయన చూసుకుంటాడు. మన ఊళ్లలో కీబోర్డు, ప్రోగ్రామింగ్ (కంప్యూటర్లో వాయిద్యాలు కూర్చడం), రికార్డింగ్, మిక్సింగ్ (గొంతునీ వాయిద్యాలనీ తగిన పాళ్లలో కలపడం), మాస్టరింగ్ (కలిపినదానికి చివరి మెరుగు దిద్దడం) అన్నీ ఒకే గదిలో ఒకే మనిషి చేస్తుంటాడు. అందులో తప్పులేదు గానీ, అన్నిట్లోనూ ఒకేలా చెయ్యి తిరిగి ఉండటం అరుదు. ‘మీరు స్వయంగా చేసేదేంటండీ, బయటికి ఇచ్చేదేంటండీ?’ అని మొదటి రోజే అడగండి. మాస్టరింగ్ ఇంకొకరికి పంపుతానని చెబితే నేనైతే సంతోషిస్తాను. నెల రోజులు అదే పాట విన్న చెవికి తప్పులు దొరకవు.

నా మొదటి పాట ఎలా పాడైందో చెబితే మిగతాది సులువవుతుంది. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి పాయ వశిష్ఠని దాటించే పంటు, అంటే రేవు పడవ, మీద కట్టుకున్న పాట అది. ఒకటిన్నర శృతి, అంటే కీబోర్డు వాళ్ల లెక్కలో సి షార్ప్. నిమిషానికి 72 దెబ్బల నడక. పంటు మీద పక్కన నిలబడ్డవాడితో మాట్లాడుతున్నట్టు ఉండాలని నా ఆశ. ఊరి పేరూ మనిషి పేరూ ఎందుకు గానీ, నలుగురూ మెచ్చుకునే స్టూడియోకే ఇచ్చాను. పదిహేను రోజులకి ట్రాక్ తయారైందని పిలుపొచ్చింది. వెళ్లి చూస్తే నడక 104కి చేరింది. శృతి మూడుకి లేచింది. ‘హైలో పాడితేనే ఊపొస్తుంది బాబూ’ అన్నాడు. సిగ్గుపడి కాదనలేక అక్కడికక్కడే గొంతు చించుకుని పాడేశాను. ఇంటికొచ్చాక వింటే ‘రేవు’ అన్న మాట మీద నేను వేసిన గమకం మెట్లు మెట్లుగా విరిగిపోయి ఉంది. అది ఆటోట్యూన్ అనే, శృతి తప్పిన స్వరాల్ని దిద్దే సాఫ్ట్‌వేర్ చేసిన పని. దాన్ని స్కేలుకి కట్టేసి, దిద్దే వేగం పెంచి వదిలేస్తే స్వరానికీ స్వరానికీ మధ్య జారేదాన్నంతా తప్పు కింద లెక్కగట్టి సరిచేసేస్తుంది. మన గమకమంతా ఉండేది ఆ మధ్యలోనే కదా. నిదానంగా పెట్టొచ్చు, లేదా ఒక్కో స్వరాన్ని చేత్తో దిద్దొచ్చు. ఆ ఓపిక ఆయనకుందో లేదో మీరు ముందే తెలుసుకోవాలి. మా అమ్మ ఆ పాట విని ‘ఇది నువ్వేనా?’ అంది.

నిజం చెప్పాలంటే తప్పు నాదే ఎక్కువ. ఆయన అంతకుముందు చేసిన పాటల్లో ఒక్కటీ నేను పూర్తిగా వినలేదు. ఆయన ఎలక్షన్ పాటల్లో దిట్ట. ప్రచార రథం నుంచి నాలుగు వీధుల అవతలికి వినపడేలా చేయడం ఆయన విద్య. నా పాటకీ ఆ విద్యే చూపించాడు.

అందుకని వెతుకులాట వినడంతో మొదలుపెట్టండి. మీ పాట ఇలా వినపడితే బాగుండు అనిపించే పాటలు పది రాసుకోండి. పెద్ద సినిమా పాటలు వద్దు, మీలాంటి సొంతంగా పాడుకునేవాళ్లవి తీసుకోండి. యూట్యూబులో పాట కింద ప్రోగ్రామింగ్, మిక్సింగ్ అని రాసిన పేర్లు చూడండి. ఒకే పేరు రెండు మూడుసార్లు తగిలితే ఆ దారి పట్టుకోండి. పేరే వేయకపోతే పాడినవాళ్లకి మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి, చాలామంది చెబుతారు. మన డెల్టాలో స్టూడియోల దీపం వెలిగేది చాలావరకు క్రైస్తవ గీతాలతో, భక్తి పాటలతో, జానపదాలతో. ‘మాది వేరే రకం పాట’ అని వాళ్లని దాటేయకండి. క్రైస్తవ గీతాలు చేసేవాళ్లకి గొంతుని ముందు నిలబెట్టడం బాగా తెలుసు, ఎందుకంటే మాట అర్థం కాకపోతే సంఘం ఆ పాట పాడుకోలేదు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం ఎక్కడైనా సరే, మొదటి పాటకి మాత్రం పొద్దున్న బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరే దూరంలో ఉన్నవాళ్లని చూసుకోండి. హైదరాబాద్‌కి ఫైళ్లు పంపి చేయించుకోవడం రెండో పాట నుంచి. పక్కన కూర్చుని ‘ఇక్కడ కొంచెం తగ్గించండి’ అనగలిగితే పది మెసేజ్‌ల పని ఒక్క నిమిషంలో తెములుతుంది.

ఒక్కొక్కరివీ మూడు పాటలు తీసుకోండి. ఒక్కసారి విని పల్లవి కాగితం మీద రాయండి. ఒత్తులు, ‘ళ’, ‘ణ’ దగ్గర మీరు ఆగిపోతే గొంతు వాయిద్యాల కింద మునిగిందన్నమాట. తర్వాత ఫోన్ స్పీకర్‌లో వినండి, మన పాటలు వినేవాళ్లలో ఎక్కువమంది వినేది అలాగే. ఇక మూడు పాటలూ ఒకే పాటలా ఉన్నాయా చూడండి. ఉన్నాయంటే నాలుగోది మీదే, అదీ అలాగే ఉంటుంది.

ఇప్పుడు కలవడం. ఐదు పాటలు పంపకండి, ఒక్కటే పంపండి. పొగడ్తలు క్లుప్తంగా, పని స్పష్టంగా. ఆ పంటు పాటనే మళ్లీ చేయించుకోవడానికి నేను పంపిన మెసేజ్ ఇదిగో: ‘నమస్కారమండీ. మీరు చేసిన ఫలానా పాటలో రెండో చరణం దగ్గర వాయిద్యాలు తగ్గించిన తీరు నచ్చింది. నాదొక పాట ఉంది, డెమో నాలుగు నిమిషాలు, ఒకటిన్నర శృతి. వీలున్నప్పుడు వింటారా? నచ్చితే ఒక పూట వచ్చి కలుస్తాను.’

అది చదివి పిలిచినాయన మండపేటలో ఉండేవారు. మేడ మీద చిన్న గది. గోనెసంచుల్లో కొబ్బరిపీచు కూరి, కుట్టి గోడలకి తగిలించారు. డెమో రెండుసార్లు విన్నారు. కీబోర్డు ముట్టుకోలేదు.

‘ఏవండీ, ఇందులో మనిషి పంటు ఎక్కుతున్నాడాండీ, దిగుతున్నాడాండీ?’

రాసింది నేనే, ఎప్పుడూ ఆలోచించలేదు. కాసేపు తడబడి, ‘దిగుతున్నాడండీ, ఊరికి తిరిగొస్తున్నాడు’ అన్నాను.

‘అయితే ఆఖర్న ఇంజను ఆగిపోవాలి కదండీ.’

ఆఖరి పల్లవిలో తబలా, బేస్ అన్నీ తీసేసి నా గొంతొక్కటే ఉంచారు. ఇప్పటికీ ఆ పాట విన్నవాళ్లు ముందుగా అడిగేది ఆ చోటు గురించే. మొదటి కలయికలో ఆయన తన మైకు ఖరీదు చెప్పలేదు, ఏ సినిమావాళ్లు వచ్చి వెళ్లారో చెప్పలేదు. మీకు ఎదురైన మనిషి పాట గురించి ఎన్ని ప్రశ్నలు వేశాడో ఇంటికొచ్చాక లెక్కపెట్టుకోండి. సున్నా అయితే డబ్బు ఆదా అయినట్టే.

నచ్చినా సరే, పాటంతా ఒకేసారి అప్పజెప్పకండి. పల్లవి, ఒక చరణం చేసి చూపించమనండి, ఆ మేరకి డబ్బు ఇచ్చేయండి. ఊరికే చేసిపెట్టమనడం మర్యాద కాదు, పైగా ఊరికే చేసిన పని మీద మీరు గట్టిగా మాట్లాడలేరు. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో ముందే అనుకోండి. నేను రెండుసార్లు అని రాసుకుంటాను. మూడోది అడిగితే అదనంగా ఇస్తాను.

ఇక కాగితం. ఇక్కడే మొహమాటం అడ్డొస్తుంది. 1957 కాపీరైట్ చట్టంలో రికార్డింగ్‌కి ప్రొడ్యూసర్ అంటే అది తయారవడానికి చొరవా బాధ్యతా తీసుకున్న వ్యక్తి. డబ్బు కట్టి, మనుషుల్ని కుదుర్చుకుని చేయించుకున్నది మీరైతే ఆ మాట మీకు వర్తించే అవకాశమే ఎక్కువ. కానీ కీబోర్డు ముందు కూర్చున్న ఆయన్ని కూడా అందరూ ప్రొడ్యూసర్ అనే పిలుస్తారు. రేపు పాట నాలుగు డబ్బులు తెస్తే ఆ ఒక్క మాట దగ్గరే పేచీ పుడుతుంది. అందుకే మాస్టర్, అంటే చివరిగా తయారైన అసలు రికార్డింగ్, ఎవరిదో మాటల్లో రాసుకోండి. హక్కు ఒకరి నుంచి ఒకరికి రాసివ్వాలంటే లిఖితపూర్వకంగా, సంతకంతో ఉండాలని అదే చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకనే లెక్క, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. బాణీలో ఆయన చెయ్యి కూడా పడిందా? అయితే స్వరకర్తగా ఆయనకెంత వాటానో కూడా అప్పుడే తేల్చేయండి. నాది ఇలా ఉంది, కావాలంటే వాడుకోండి:

‘సాహిత్యం, బాణీ నావి. వాయిద్య సహకారం, మిక్సింగ్ మీవి. ఒప్పుకున్న మొత్తం చెల్లించాక మాస్టర్ రికార్డింగ్ మీద హక్కులన్నీ నావి, కాలపరిమితి లేకుండా, ప్రపంచమంతటికీ. పాట ఎక్కడ పెట్టినా మీ పేరు వేస్తాను. వాడిన లూపులు, శాంపుళ్లు (ముందే రికార్డు చేసి దొరికే సంగీతపు ముక్కలు) లైసెన్సు ఉన్నవే. చివరి పాట, గొంతు లేని ట్రాక్, విడివిడి స్టెములు (గొంతూ వాయిద్యాలూ వేరువేరుగా ఉన్న ట్రాకులు) నాణ్యత కుదించని 24 బిట్ వావ్ ఫైళ్లుగా ఇస్తారు.’

లూపుల సంగతి చాదస్తం అనుకోకండి. ఎక్కడో దింపుకున్న లూపు వాడితే యూట్యూబులో మీ సొంత పాట మీదే ఇంకెవరిదో కాపీరైట్ క్లెయిమ్ వచ్చి పడుతుంది. స్టెములన్నీ సున్నా సెకను నుంచి మొదలయ్యేలా ఇవ్వమనండి, రేపు ఇంకొకరు తెరిచినా వరసగా కూర్చుంటాయి. గొంతు లేని ట్రాక్ ఉంటే సంక్రాంతికి ఊరి స్టేజీ మీద పాడుకోవచ్చు.

ఈ వారం పని: ముగ్గురు ప్రొడ్యూసర్లు, ఒక్కొక్కరివి మూడేసి పాటలు, తొమ్మిది పల్లవులు ఒక్క వినికిడికి రాయండి. ఎవరి పాటలు రాసేటప్పుడు మీకు తక్కువ తప్పులు వచ్చాయో ఆయనకి ముందు మెసేజ్ పెట్టండి. కలిసే ముందు మీ పాటలో మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో మీకు మీరు చెప్పుకోండి, నాలా తడబడకుండా.

వచ్చే పాఠం స్టూడియో గదిలోనే. సాహిత్యం పెద్ద అక్షరాలతో రెండు కాపీలు, శృతీ వేగం రాసిన కాగితం, గోరువెచ్చటి నీళ్ల సీసా పట్టుకురండి. ఆ పూటకి పెరుగన్నం వద్దు.